ఏడో నంబర్ చాప

మా లెక్కల టీచర్ పోయిన గురువారం చనిపోయారు. ఆ కబురు వచ్చేసరికి నేను ఆఫీసు క్యాబులో ఉన్నాను. హైటెక్ సిటీకి పోయే మిగతా క్యాబులన్నిటితో పాటు మా బండి కూడా బేగంపేట ఫ్లైఓవర్ మీద ఆగిపోయి ఉంది. ఫోన్ చేసింది రెజిమెంటల్ బజార్‌లో టీచర్ ఉండే ఇంటి కింది వాటాలోని అక్క. వాళ్లది స్కూలు యూనిఫాంలు కుట్టే దర్జీ షాపు. "టీచరమ్మ పోయిందమ్మా. పొద్దుగాల చాయ్ తీస్కపోతె లేస్తలేదు," అంది. ఆమె వెనకాల ఎప్పుడూ వినిపించే కుట్టు మిషన్ చప్పుడు ఆ రోజు లేదు.

క్యాబులో నాతో పాటు నలుగురున్నారు. రెండేళ్లుగా రోజూ ఒకే బండిలో వెళ్తున్నాం గానీ ఒకరి గురించి ఒకరికి తెలిసింది ఎవరు ఏ స్టాపులో ఎక్కుతారన్నదే. ఎవరూ ఏమైందని అడగలేదు. ఆఫీసుకు వెళ్లి సెలవు కోసం కంప్యూటర్లో ఫారం తెరిస్తే, పోయినవారు మీకేమవుతారు అన్న గడి కింద ఒక జాబితా వచ్చింది. అమ్మ, నాన్న, భర్త, అత్తమామలు, తోబుట్టువులు అన్నీ ఉన్నాయి. టీచర్ లేదు. నేను ఆ ఫారం మూసేసి, జ్వరమని రాసి ఇంకో ఫారం పంపాను. ఆటోలో సికింద్రాబాద్ వెనక్కి వస్తుంటే సిగ్గేసింది. ఆమె పోయిన రోజున కూడా నేను చేసింది దొంగ లెక్కే.

దొంగ లెక్క అని ఎందుకంటున్నానో చెప్పాలంటే ఆమె పెట్టే పరీక్ష గురించి చెప్పాలి.

మా బడి మెట్టుగూడలో రైల్వే క్వార్టర్ల వెనక ఉండేది. రెండంతస్తుల చిన్న ప్రైవేటు బడి. ఎనిమిదో తరగతికి వచ్చిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ జూన్‌లో బడి తెరిచిన మూడో రోజు టీచర్ ఒక పరీక్ష పెట్టేవారు. సైక్లోస్టైల్ కాగితం మీద ఇరవై నాలుగు లెక్కలు. మొదటిది రెండో తరగతి తీసివేత, చివరిది ఏడో తరగతి బీజగణితం. దానికి మార్కులు లేవు, ర్యాంకు లేదు. గది గుమ్మం దగ్గర ఒక పాత బిస్కట్ల డబ్బా పెట్టేవారు. లోపలికి వెళ్లేముందు అందరూ తమ రబ్బర్లు దాంట్లో వేసి వెళ్లాలి. తప్పు రాస్తే దాని మీద ఒక గీత కొట్టి పక్కన మళ్లీ రాయొచ్చు గానీ చెరపకూడదు. "తప్పు తుడిస్తే తొవ్వ పోతది బిడ్డా," అనేవారు. తొవ్వ అంటే దారి అని మా ఇంట్లో నేనే చెప్పాల్సి వచ్చింది, మాది బొబ్బిలి వైపు.

పరీక్ష జరుగుతుంటే ఆమె కాపీ కొట్టేవాళ్ల కోసం చూసేవారు కాదు. బెంచీ కింద వేళ్లు లెక్కపెట్టుకుంటున్నది ఎవరు, ఏ లెక్క దగ్గర పెన్సిల్ ఆగింది అని చూసేవారు. తర్వాత రెండు మూడు రోజులు ఒక్కొక్కరినే వరండాలోకి పిలిచి పక్కన కూర్చోబెట్టుకునేవారు. "ఇది ఎట్ల చేసినవో జెర చెప్పు," అని వినేవారు. అది తప్పని చెప్పేవారు కాదు. మా క్లాసులో ఒకడు నలభై రెండులోంచి పదిహేడు తీసేస్తే ముప్పై అయిదు అని రాశాడు. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీసేయాలని వాడికెవరో చెప్పారట, అందుకని పైనున్న రెండుని కిందున్న ఏడులోంచి తీసేశాడు. టీచర్ వాడి మాట పూర్తిగా విని, వాడు చెప్పిన పద్ధతిలోనే ఇంకో నాలుగు లెక్కలు తనే చేసి చూసి, "గట్లనా, ఇప్పుడు సమజైంది," అన్నారు. సమజైంది తనకి. వాడికి సమజవ్వడం ఆ తర్వాతి వారం పని.

ఆ వారంలో చాపలు పరిచేవారు. గదిలో వెనక బెంచీలు జరిపేసి నాలుగైదు ఈత చాపలు. ఎవరు ఏ లెక్క దగ్గర ఆగారో ఆ నంబరు చాప మీద కూర్చోవాలి. మూడో నంబర్ చాప, ఏడో నంబర్ చాప, పద్నాలుగో నంబర్ చాప. క్లాసులో ఎప్పుడూ ఫస్టొచ్చే పిల్లా, రెండేళ్లు తప్పిన వాడూ ఆ ఏడాది ఏడో నంబర్ చాప మీద మోకాళ్లు తగిలేలా కూర్చున్నారు. ఫస్టొచ్చే పిల్ల వాళ్ల నాన్న వచ్చి గొడవ చేశాడు. టీచర్ ఆయనకు ఒక కుర్చీ వేసి, కాగితం ఇచ్చి, ఆ ఏడో లెక్క మీరూ చేయండి సార్ అన్నారు. ఆయన చేశాడో లేదో తెలియదు, మళ్లీ మాత్రం రాలేదు.

ఆ కాగితం ఏటా ఒకటే. మార్చాల్సిన అవసరం ఆమెకు కనిపించలేదు. మార్కులే లేనప్పుడు మోసం ఎవరు చేస్తారు? మా అమ్మ చేయించింది.

అమ్మని ఇప్పుడు తప్పుపట్టలేను. నాన్నది రైల్వేలో గుమాస్తా ఉద్యోగం. ఊళ్లో ఉన్నదంతా వదులుకుని మా చదువుల కోసమే ఈ ఊరొచ్చారు. అప్పుడే మా క్వార్టర్లలో ఒక ఇంటి పెద్దమ్మాయికి అమీర్‌పేటలో ఏదో కోర్సు చేసి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వచ్చింది. వాళ్లింటికి సోఫా వచ్చింది, ఫోన్ వచ్చింది. క్వార్టర్లలో అమ్మలందరికీ లెక్కల జ్వరం పట్టుకుంది. పైవాటాలో నాకంటే ఒక క్లాసు పెద్దదైన అమ్మాయి దగ్గర పాత కాగితం ఉందని అమ్మకు తెలిసింది. మార్కుల్లేవమ్మా అని నేను చెప్తే నవ్వింది. "మార్కుల్లేని పరీక్ష ఎక్కడైనా ఉంటాదేటి? ఆవిడ నోటితో చెప్పదు గానీ లోపల రాసుకుంటాది. నువ్వు అన్నీ రైటు రాసీ, అంతే." ఎండాకాలం సెలవుల్లో ఆ ఇరవై నాలుగు జవాబులూ ఎక్కాల్లా బట్టీ పట్టాను.

పరీక్ష అరగంటలో రాసేశాను. వరండాలోకి పిలిచినప్పుడు కూడా పైవాటా అమ్మాయి నేర్పినట్టే అప్పజెప్పాను. టీచర్ రెండుసార్లు నా మొహంలోకి చూశారు. తర్వాత తన పొడుగాటి పుస్తకంలో నా పేరున్న పేజీలో 'అన్నీ వచ్చు' అని రాశారు. నేను ఇంటికి పరిగెత్తుకెళ్లి అమ్మకు చెప్పాను. అమ్మ ఆ సాయంత్రం పాయసం చేసింది.

అన్నీ వచ్చిన వాళ్లకి చాప లేదు. మేం ముగ్గురమే. మిగతా ఇద్దరికీ నిజంగానే వచ్చు కాబట్టి వాళ్లిద్దరూ కలిసి గుసగుసలాడుకుంటూ పెద్ద పుస్తకంలో లెక్కలు చేసుకునేవాళ్లు. నేను కిటికీ పక్క బెంచీ మీద ఒక్కదాన్నే కూర్చుని, అర్థంకాని పేజీని అర్థమైనట్టు చూస్తూ ఉండేదాన్ని. వెనక చాపల మీద నవ్వులు వినిపించేవి. ఏడో నంబర్ వాళ్ల దగ్గర చీపురు పుల్లల కట్టలుండేవి. ఒకే పొడవుకి విరిచి, పదేసి పుల్లలొక కట్ట, అలాంటివి పదేసి కలిపి ఇంకో పెద్ద కట్ట. కింది వాటా దర్జీ ఇచ్చిన నీలం దారంతో టీచర్ ఇంట్లో కూర్చుని కట్టి తెచ్చేవారు. నాకు ఆ కట్టలు ముట్టుకోవాలని ఉండేది. నాకు రానిది సరిగ్గా ఆ ఏడో లెక్కే. ఆరువందల పద్దెనిమిదిని ఆరుతో భాగించడం. నేను చేస్తే పదమూడు వచ్చేది, నూట మూడు అని రాయాలని బట్టీ పట్టాను కాబట్టి రాశాను. నేనుండాల్సిన చాప నాకు నాలుగడుగుల దూరంలో ఉంది, నేను వెళ్లి కూర్చోలేను. అంతటి ఒంటరితనం నాకు తర్వాత కూడా చాలాసార్లు ఎదురైంది గానీ, మొదటిసారి తెలిసింది అక్కడే.

ఆగస్టుకల్లా చాపలు ఒక్కొక్కటీ చుట్టేశారు. అందరూ బెంచీల మీదికి వచ్చేశారు. నేను జూన్‌లో ఎక్కడున్నానో అక్కడే ఉన్నాను.

అరసంవత్సరం పరీక్షల్లో నాకు లెక్కల్లో వందకి పంతొమ్మిది వచ్చాయి. మధ్యాహ్నం అన్నాల బెల్లు కొట్టాక టీచర్ నన్ను ఆగమన్నారు. జూన్ కాగితమూ, ఈ కాగితమూ బల్ల మీద పక్కపక్కన పెట్టారు. అమ్మను పిలిపిస్తారనుకున్నాను. ఏడుస్తూ మొత్తం చెప్పేశాను, పైవాటా అమ్మాయి సంగతీ, పాయసం సంగతీ. ఆమె అంతా విన్నారు. తన పొడుగాటి పుస్తకం తెరిచి, 'అన్నీ వచ్చు' అన్న మాట మీద గీత కొట్టారు.

"తప్పు నాది బిడ్డా," అన్నారు. "జవాబు చూసిన, నిన్ను చూడలే."

అంత పెద్దావిడ నా ముందు తన తప్పు మీద గీత కొట్టడం చూసి నా ఏడుపు దానంతటదే ఆగిపోయింది. తర్వాత ఆమె అదే ఇరవై నాలుగు లెక్కల్ని అంకెలు మార్చి అప్పటికప్పుడు చేత్తో రాసి ఇచ్చారు. రబ్బరు అడిగి తీసుకుని బల్ల అవతల పెట్టుకున్నారు. నేను ఒకటి చేశాను, రెండు చేశాను. ఏడో దాని దగ్గర ఆగాను. ఆమె మొహం వెలిగింది. "ఇగో, ఈడ ఉన్నవా నువ్వు," అన్నారు. నా జీవితంలో నన్ను చూసి ఎవరైనా అంత సంతోషపడటం, అదీ నాకేదో రానందుకు సంతోషపడటం, అదే మొదలు, అదే ఆఖరు.

మర్నాడు ఏడో నంబర్ చాప మళ్లీ పరిచారు. పంచుకోవడానికి ఆరుగురు కావాలని, ఎప్పుడో ఆ చాప దాటిపోయిన అయిదుగురిని మళ్లీ పిలిచి కూర్చోబెట్టారు. ఫస్టొచ్చే పిల్ల కూడా వచ్చి కూర్చుంది. నూరేసి పుల్లల పెద్ద కట్టలు ఆరు, పది పుల్లల కట్ట ఒకటి, విడి పుల్లలు ఎనిమిది. నూరు పుల్లల కట్టలు తలా ఒకటి వచ్చాయి. పది కట్ట ఒక్కటే ఉంది, ఆరుగురం. ఎవరికీ రాలేదు. దాన్ని విప్పి, విడి పుల్లల్లో కలిపి, తలా మూడు తీసుకున్నాం. నేను పలక మీద ఒకటి రాసి, పక్కన మూడు రాయబోతుంటే టీచర్ నా చెయ్యి పట్టుకున్నారు. "పది కట్ట నీకొచ్చిందా?" రాలేదన్నాను. "రాలేదని సుత రాయాలె బిడ్డా. రాయకుంటె వచ్చిందో రాలేదో ఎవ్వరికి తెలుస్తది?" నేను మధ్యలో సున్నా పెట్టాను. చాప మీద అయిదుగురూ ఎందుకో చప్పట్లు కొట్టారు.

తర్వాతి కథ ఈ ఊళ్లో అందరికీ ఉన్నదే. లెక్కలొచ్చాయి, ఇంజనీరింగ్ అయింది, ఉద్యోగమొచ్చింది, మా ఇంటికీ సోఫా వచ్చింది. బడిని ఎవరో కొనుక్కున్నారు. ఎనిమిదో తరగతి నుంచే పోటీ పరీక్షల చదువు అని బయట పెద్ద బోర్డు పెట్టారు. టీచర్ పరీక్ష సంగతి కొత్త యజమానికి బాగా నచ్చిందట. దానికే మార్కులు పెట్టి, గోడ మీద ర్యాంకులు అతికించి, ఆ ప్రకారం సెక్షన్లు చేద్దామన్నాడు. మార్కు పెడితే పిల్లలు దాస్తారు సార్, దాస్తే నేనేం చెప్పాలి అని ఆమె అడిగారట. పదవీ విరమణకు ఇంకా రెండేళ్లుండగానే రబ్బర్ల డబ్బా, పుల్లల కట్టలు సంచిలో వేసుకుని ఇంటికి వచ్చేశారు. ఆమె భర్త చిన్న వయసులోనే పోయారు, పిల్లల్లేరు. చెల్లెలి కొడుకు వరంగల్‌లో ఉంటాడు. రెజిమెంటల్ బజార్ సందులో మేడ మీద రెండు గదులు, కింద కుట్టు మిషన్ చప్పుడు. అంతే ఆమె ఇల్లు.

మొదట్లో ప్రతి ఆదివారం వెళ్లేదాన్ని. చాయ్ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగేవారు, నా ఖాళీ సాసరు వైపు చూసి నువ్వింకా కప్పుతోనే కాల్చుకుంటున్నావా అని ఎగతాళి చేసేవారు. తర్వాత నెలకోసారి అయింది. తర్వాత ఫోన్లే. వచ్చే ఆదివారం తప్పకుండా వస్తానని ఎన్నిసార్లు అన్నానో నాకే తెలియదు. ఎలా ఉన్నారు అంటే అందరూ బాగున్నామంటారు, నేనూ అదే అంటాను. నా పెళ్లి రెండేళ్లకే విడిపోయిందన్న సంగతి కూడా ఆమెకు చెప్పకుండా బాగున్నాననే అన్నాను. ఆమె అలా కాదు. "ఒక్కదాన్నే ఉన్న బిడ్డా, పొద్దు పోతలేదు," అని ఉన్నదున్నట్టు చెప్పేవారు. ఫిర్యాదు లాగా కాదు, అడిగినదానికి జవాబు లాగా. ఎక్కడున్నారో అంత స్పష్టంగా చెప్పాక కూడా నేను వెళ్లలేదు. ఇది రాయకుండా ఆమె గురించి మంచి మాటలు ఎన్ని రాసినా లాభం లేదు.

మూడు నెలల కింద దర్జీ అక్క ఫోన్ చేసింది. టీచరమ్మ పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోతోందనీ, నిన్న బజారుకు పోయి ఇల్లు తెలియక నిలబడిపోయిందనీ చెప్పింది. ఆ రోజు మాత్రం సెలవు పెట్టి వెళ్లాను, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన నాకంటే చిన్నవాడిలా ఉన్నాడు. జ్ఞాపకశక్తి ఎలా ఉందో చూస్తానని బల్ల మీద కాగితాలు పరిచాడు. ఈ రోజు ఏ వారం, ఇది ఏ నెల అని అడిగాడు. నెల తప్పు చెప్పారు. తర్వాత, "అమ్మా, వందలోంచి ఏడు తీసేసి చెప్పండి. వచ్చినదాంట్లోంచి మళ్లీ ఏడు, అలా తీసేస్తూ పోండి," అన్నాడు.

"తొంభై మూడు," అన్నారు టీచర్ టక్కున. "ఎనభై ఆరు." ఆగిపోయారు.

వేలమంది పిల్లలకు తీసివేతలు నేర్పిన మనిషి. పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. నేను చూడలేకపోయాను. డాక్టరు వెనక నిలబడి ఉన్నాను కదా, ఆయనకు కనిపించకుండా చేతులెత్తి ముందు ఏడు వేళ్లు, తర్వాత తొమ్మిది వేళ్లు చూపించాను. అలా చూపించింది నేనే అయినా, ఆ చేతులు మా అమ్మవిలాగే ఉన్నాయి.

ఆమె నా వేళ్లు చూశారు. కోప్పడలేదు.

"నువ్వు చెప్పకు బిడ్డా. నేనేడ ఆగిన్నో డాక్టర్ సాబ్‌కు తెల్వాలె గద."

నేను చేతులు దించేశాను. ఆమె మళ్లీ ఆలోచించి ఎనభై అన్నారు. డాక్టరు రాసుకోబోయాడు. అడగకుండానే ఎలా చేశారో కూడా చెప్పారు. "ఆరు తీసిన. ఇంకొకటి తీసేటిది ఉన్నది. అది ఏడ పెట్టిన్నో యాదికొస్తలేదు." ఆయన పెన్ను ఆపి తలెత్తి ఆమె వైపు చూశాడు. అంతవరకూ ఆయన కాగితాన్నే చూస్తున్నాడు.

చివరికి ఒక గుండ్రం గీసి ఇచ్చి, ఇది గడియారమనుకుని అంకెలు వేయమన్నాడు. టీచర్ పెన్సిల్ పట్టుకుని చాలా శ్రద్ధగా వేశారు. ఒకటి నుంచి పన్నెండు దాకా అన్నీ కుడి పక్కనే ఇరుక్కుపోయాయి. ఎడమ సగం ఖాళీగా ఉండిపోయింది. ఆమె దాన్ని చూస్తూ ఉండిపోయారు. ఏదో తేడాగా ఉందని తెలిసింది, ఏమిటో తెలియడం లేదు. బల్ల మీద పెన్సిల్ పక్కనే ఒక కొత్త రబ్బరు ఉంది. ఆమె చెయ్యి దాని మీదికి వెళ్లింది. చెరిపేస్తే బాగుండు, ఈసారికి చెరిపేసి మళ్లీ వేస్తే బాగుండు అని నేను నిజంగా కోరుకున్నాను. ఆమె ఆ రబ్బరు తీసి, నన్ను దగ్గరికి పిలిచి, నా అరచేతిలో పెట్టి వేళ్లు మూసేశారు. తర్వాత ఆ కాగితాన్ని రెండు చేతులతో డాక్టరుకి ఇచ్చారు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో నన్ను ఎలా ఉన్నావని అడిగారు. ఆ రోజు నేను బాగున్నానని అనలేకపోయాను. రెజిమెంటల్ బజార్ దాకా చెప్తూనే ఉన్నాను. ఆమె ఎంత అర్థం చేసుకున్నారో తెలియదు. నా చెయ్యి మాత్రం వదల్లేదు. దిగేముందు ఒకటే అన్నారు, "గిప్పుడు తెలిసింది నువ్వేడున్నవో." నేనేడున్నానో తెలిసిన మనిషి ఈ ఊళ్లో ఆమె ఒక్కరే. గురువారం నుంచి ఎవరూ లేరు.

దహనానికి పదిమందిమి కూడా లేము. వరంగల్ నుంచి చెల్లెలి కొడుకు వచ్చాడు, దర్జీ వచ్చాడు, పాత బడి ఆయా వచ్చింది. మర్నాడు ఆఫీసుకెళ్లి, మా మేనేజరుతో నాకు జ్వరం రాలేదని, మా టీచర్ పోయారని చెప్పాను. అతను కుర్చీ లాగి కూర్చోమన్నాడు. తర్వాత నా సీటుకు వచ్చి బ్యాగులో కళ్లజోడు కోసం వెతుకుతుంటే అడుగున ఆ రబ్బరు తగిలింది. డాక్టరుకి తిరిగివ్వడం ఆ రోజే మర్చిపోయాను. తీసి కీబోర్డు పక్కన పెట్టుకున్నాను. తెల్లగా, కొత్తగా ఉంది, ఒక మూలైనా అరగలేదు.